‘నాకు’ అన్నచోట ‘ఇంగ్’ రాదు

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, తర్వాత బీఎస్సీ చేశాను. పెళ్ళయ్యాక ఉద్యోగం మానేసి, పాప కాస్త పెద్దదయ్యాక మళ్ళీ చేరాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేస్తున్నాను. క్యాష్‌లెస్ అప్రూవల్ కోసం కంపెనీలకి మెయిల్స్ పెట్టాలి, ఫోన్లు మాట్లాడాలి. మొన్న నేను పెట్టిన మెయిల్ మా మేనేజర్ గారు అందరి ముందూ చదివి, “అన్నిటికీ ఇంగ్ తగిలిస్తావేంటమ్మా” అన్నారు. అందరూ నవ్వారు. నేను రాసిన వాక్యాలు ఇవి:

“ద పేషెంట్ ఈజ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్.”
“వుయ్ ఆర్ హ్యావింగ్ ఆల్ ద రిపోర్ట్స్.”
“వుయ్ హ్యావ్ సెంట్ ద ల్యాబ్ రిపోర్ట్స్ యెస్టర్‌డే.”
“డైలీ ద డాక్టర్ విల్ కమ్ ఎట్ టెన్.”

వీటిలో తప్పేంటో నాకు ఇప్పటికీ తెలియలేదు. మా డాక్టర్లే కేస్ షీట్‌లో “ఫీవర్ సిన్స్ త్రీ డేస్” అని రాస్తారు. ఆఫీసులో సగం మంది ఇలాగే మాట్లాడతారు. పన్నెండు టెన్సుల చార్టు బట్టీ పట్టాను కానీ ఫోనెత్తగానే ఒక్కటీ గుర్తురాదు. మా పాప నాలుగో తరగతి. దాని గ్రామర్ హోంవర్క్ అన్నా నాకు టెన్షనే. అరవై గంటల స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు ఒకటి ఉందంటున్నారు, చేరమంటారా?

— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

నవ్విన వాళ్ళ సంగతి పక్కన పెడదామండీ. మీ మెయిల్ చదివిన ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళకి విషయం అర్థమయ్యే ఉంటుంది. క్లెయిమ్ ఎక్కడైనా ఆగినా అది టెన్స్ వల్ల ఆగి ఉండదు. అయినా నాలుగు వాక్యాలూ సరిచేయాల్సినవే. మంచి విషయం ఏంటంటే, నాలుగు తప్పులకీ మూలం ఒకటే.

మనకి స్కూల్లో ఇంగ్లీషు టెన్సులు తెలుగు క్రియ తోక పట్టుకుని నేర్పారు. “నేను తింటున్నాను” అంటే “ఐ యామ్ ఈటింగ్”. అక్కణ్ణుంచి ‘-తున్నాను’ ఎక్కడ కనబడినా ‘యామ్’ పెట్టి ‘ఇంగ్’ తగిలించడం, ‘-తాను’ కనబడితే ‘విల్’ పెట్టడం, ‘చేశాను, పంపాను’ అనగానే ‘హ్యావ్’ పెట్టడం అలవాటైపోయింది. తినడం, రాయడం, నడవడం లాంటి వాటికి ఈ లెక్క సరిపోతుంది. చాలా మాటలకి సరిపోదు.

నమ్మకం కుదరకపోతే మీరు స్కూల్లో చెప్పిన ప్రతిజ్ఞే చూడండి. దాన్ని 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులో రాశారు. నల్గొండ జిల్లా మనిషి, అప్పుడు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారి. అక్కణ్ణుంచి అది మిగతా భాషల్లోకి వెళ్ళింది. అందులో “నేను నా దేశాన్ని ప్రేమిస్తున్నాను” అని ఉంటుంది. మీ పాప స్కూల్లో అదే వాక్యాన్ని ఇంగ్లీషులో “ఐ లవ్ మై కంట్రీ” అని చెప్తుంది. “ఐ యామ్ లవింగ్ మై కంట్రీ” అని ఏ స్కూల్లోనూ చెప్పించరు. కొంచెం కిందకి వస్తే “కృషి చేస్తాను” అని ఉంటుంది, ఇంగ్లీషులో “ఐ షల్ ఆల్వేస్ స్ట్రైవ్”. ఇంకా కిందకి వస్తే “ప్రతిజ్ఞ చేస్తున్నాను”. అక్కడ ఇంగ్లీషు “ఐ ప్లెడ్జ్”. ‘ప్లెడ్జింగ్’ కాదు. అంటే ‘-తున్నాను’ రెండుసార్లు వస్తే రెండుసార్లూ ‘ఇంగ్’ పెట్టలేదు. ‘-తాను’ వచ్చినచోట రాబోయే కాలం పెట్టారు. మీరూ నేనూ ఏళ్ళ తరబడి రోజూ ప్రేయర్‌లో నిలబడి ఈ పాఠం అప్పజెప్పాం, పాఠమని తెలియకుండానే.

మరి ‘ఇంగ్’ ఎప్పుడు పెట్టాలి? పుస్తకాల్లో దీనికి పెద్ద జాబితా ఇస్తారు: నో, లైక్, వాంట్, నీడ్, హ్యావ్, బిలీవ్, అండర్‌స్టాండ్, రిమెంబర్, హియర్, సీ... వీటికి ‘ఇంగ్’ రాదు, గుర్తుపెట్టుకోండి అంటారు. ఆ జాబితా బట్టీ పట్టక్కర్లేదని నా అభిప్రాయం. తెలుగు తెలిసినవాళ్ళ దగ్గర అది ముందే ఉంది. ఒక్కొక్కటీ తెలుగులో అనుకుని చూడండి. నాకు తెలుసు. నాకు ఇష్టం. నాకు కావాలి. నాకు అవసరం. నాకు ఉంది. నాకు నమ్మకం. నాకు అర్థమవుతోంది. నాకు గుర్తుంది. నాకు వినిపిస్తోంది. నాకు కనిపిస్తోంది. అన్నీ ‘నాకు’తోనే మొదలయ్యాయి, చూశారా? మనం చేసే పనికి తెలుగులో ‘నేను’ అంటాం. మన ప్రమేయం లేకుండా మనలో ఉన్నదానికి, మనకి తోచినదానికి ‘నాకు’ అంటాం. ఇంగ్లీషులో రెండిటికీ ‘ఐ’ ఒక్కటే కాబట్టి, ఆ తేడాని వాళ్ళు ‘ఇంగ్’ పెట్టకపోవడంలో చూపిస్తారు. అందుకే ‘నాకు’ అన్నచోట ‘ఇంగ్’ రాదు.

“మా దగ్గర రిపోర్టులన్నీ ఉన్నాయి” అనే మీ రెండో వాక్యం ఈ కోవలోదే. ఉండటం మీరు చేసే పని కాదు. “వుయ్ హ్యావ్ ఆల్ ద రిపోర్ట్స్” అంటే చాలు. “ఐ యామ్ హ్యావింగ్ ఎ డౌట్”, “ఐ యామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్”, “హీ ఈజ్ నోయింగ్ తెలుగు” కూడా ఇదే తప్పు. నాకు డౌట్ ఉంది, నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు, అతనికి తెలుగు వచ్చు. మూడూ ‘కు’, ‘కి’లే.

మరి ప్రతిజ్ఞలో ‘ప్రేమిస్తున్నాను’కి ముందు ‘నేను’ ఉంది కదా అంటారేమో. నిజమే, మనసుకి సంబంధించిన కొన్ని మాటలు ‘నేను’తో కూడా అంటాం. అలాంటప్పుడు వాక్యాన్ని ‘నాకు’లోకి మార్చి చూడండి. “నేను నమ్ముతున్నాను” అంటే “నాకు నమ్మకం ఉంది”. “నేను అనుకుంటున్నాను” అంటే “నాకు అనిపిస్తోంది”. “ప్రేమిస్తున్నాను” అంటే “నాకు ప్రేమ ఉంది”. తేలిగ్గా మారాయి. కాబట్టి “ఐ బిలీవ్”, “ఐ థింక్”, “ఐ లవ్”. “నేను ఫైల్ వెతుకుతున్నాను” అనేదాన్ని ‘నాకు’లోకి మార్చలేరు. కాబట్టి నిక్షేపంగా “ఐ యామ్ లుకింగ్ ఫర్ ద ఫైల్”.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇంకోటి ఉంది. పుస్తకాల్లో ఆ జాబితా కిందే చిన్న అక్షరాల్లో మినహాయింపులు ఉంటాయి. ‘హ్యావ్’కి ఇంగ్ రాదు అని చెప్పి, వెంటనే “షీ ఈజ్ హ్యావింగ్ లంచ్” కరెక్టే అంటారు. ‘థింక్’కి రాదంటూనే “ఐ యామ్ థింకింగ్” ఒప్పే అంటారు. పిల్లలకి ఇక్కడే తల తిరుగుతుంది. తెలుగులో చూస్తే తిరగడానికేం లేదు, ఎందుకంటే మనకి అవి వేరే వేరే మాటలు. కలిగి ఉండటం వేరు, భోంచేయడం వేరు. అనిపించడం వేరు, ఆలోచించడం వేరు. “ఈ బిల్లు తప్పనిపిస్తోంది” అంటే “ఐ థింక్ దిస్ బిల్ ఈజ్ రాంగ్”. “ఏం చేయాలా అని ఆలోచిస్తున్నాను” అంటే “ఐ యామ్ థింకింగ్ అబౌట్ వాట్ టు డూ”. బోర్డు కనిపించడం వేరు, డాక్టర్ గారు పేషెంట్లని చూడటం వేరు. మొదటిది “ఐ సీ ద బోర్డ్”. రెండోదానికి, ఆయన ఇప్పుడు ఓపీలో కూర్చుని చూస్తూ ఉంటే, “ద డాక్టర్ ఈజ్ సీయింగ్ పేషెంట్స్”. సాంబారు ఉప్పగా ఉంటే “ఇట్ టేస్ట్స్ సాల్టీ”. అమ్మ గరిటెతో రుచి చూస్తుంటే “షీ ఈజ్ టేస్టింగ్ ఇట్”. తెలుగులో ఏ మాట వాడతారో చూసుకుంటే ఇంగ్లీషులో ఏది పెట్టాలో తెలిసిపోతుంది.

ఈ సూత్రం నూటికి నూరుపాళ్ళూ పనిచేయదు. “నాకు చెమటలు పడుతున్నాయి” అంటే “ఐ యామ్ స్వెటింగ్” అనే అంటారు. “నాకు ఆకలేస్తోంది” అంటే ‘యామ్’ ఉంటుంది, ‘ఇంగ్’ ఉండదు: “ఐ యామ్ హంగ్రీ”. ఒంటికి సంబంధించిన మాటల్లో ఇలాంటివి కొన్ని తగులుతాయి. ఇక “ఐయామ్ లవిన్ ఇట్” అని 2003 నుంచి మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు ఊదరగొడుతున్నారు కదా అని మీ పాప అడగొచ్చు. ప్రకటనల వాళ్ళు చెవికి తగలాలనే మాటని కాస్త వంచుతారు. ఇంటర్వ్యూలో మనం వంచితే తెలియక వంచామనుకుంటారు.

మీ నాలుగో వాక్యానికి వద్దాం. తెలుగులో “డాక్టర్ గారు పదింటికి వస్తారు” అంటే రోజూ వస్తారనా, ఇవాళ వస్తారనా? సందర్భాన్ని బట్టి రెండూ. మన ‘వస్తారు’ అలవాటుకీ రేపటికీ ఒకటే రూపం. ఇంగ్లీషులో రెండిటికీ రెండు దారులు. రోజూ జరిగేదైతే “ద డాక్టర్ కమ్స్ ఎట్ టెన్”. ఇవాళో రేపో ఒకసారి జరగబోయేదైతే “విల్ కమ్”. ముందే అనుకున్న ఏర్పాటైతే “ఈజ్ కమింగ్ ఎట్ టెన్” కూడా బాగుంటుంది. మనమూ “రేపు వస్తున్నాను” అంటాం కదా, అదే. తెలుగువాళ్ళ ఇంగ్లీషులో ‘ఇంగ్’ తర్వాత ఎక్కువగా వినబడేది ఈ అక్కర్లేని ‘విల్’. “డైలీ ఐ విల్ గెటప్ ఎట్ ఫైవ్”, “ఇన్ ఫ్రీ టైమ్ ఐ విల్ లిజన్ టు సాంగ్స్”. వినేవాడికి “రేపట్నుంచి లేస్తాను, రేపట్నుంచి వింటాను” అని సంకల్పం చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. ‘రోజూ’ అన్నది మనసులో ఉంటే ‘విల్’ తీసేయండి.

మీ డెస్క్ దగ్గర ఇది వ్యాకరణంతో ఆగదు. ఊళ్ళో ఉన్న పేషెంట్ కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ చేసి డాక్టర్ ఎప్పుడుంటారని ఇంగ్లీషులో అడిగాడనుకోండి. “ద డాక్టర్ కమ్స్ ఎట్ టెన్” అంటే ఏ రోజైనా పదింటికి తీసుకురావొచ్చని అర్థం చేసుకుంటాడు. “ద డాక్టర్ ఈజ్ కమింగ్ ఎట్ టెన్” అంటే ఇవాళే బయల్దేరమని నాన్నకి ఫోన్ చేస్తాడు. ఇక్కడ మాత్రం టెన్స్ తప్పితే ఒక ముసలాయన బస్సెక్కి వృథాగా వస్తాడు.

ఇప్పుడు ఆ జ్వరం వాక్యం. “మూడు రోజుల నుంచి జ్వరంతో బాధపడుతున్నాడు.” ఇందులో నిజానికి ‘సఫరింగ్’ తప్పు కాదు, దాని ముందున్న ‘ఈజ్’ తప్పు. ఒకప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్నదాన్ని, ఎంతకాలం నుంచో కూడా చెప్తున్నప్పుడు, ఇంగ్లీషు ‘ఈజ్’తో ఊరుకోదు. “హ్యాజ్ బీన్ సఫరింగ్” అనాలి. తెలుగులో ‘నుంచి’ చేరినా క్రియ మారదు కాబట్టి మనకి ఆ అవసరం తోచదు. అందుకే “ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్” అని అలవోకగా వచ్చేస్తుంది. కాలవ్యవధితో ‘నుంచి’ అంటే ‘హ్యావ్ బీన్’ అని గట్టిగా ముడివేసుకోండి: “ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్”. అది ‘నాకు’ కోవలో మాటైతే మాత్రం ‘ఇంగ్’ ఇక్కడా రాదు. “ఆయన నాకు పదేళ్ళ నుంచి తెలుసు” అంటే “ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్”. జ్వరం ఉండటం కూడా ఆ కోవదే కాబట్టి “ద పేషెంట్ హ్యాజ్ హ్యాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్” అనొచ్చు. మెయిల్లో ఇదే క్లుప్తంగా ఉంటుంది. ‘హ్యాజ్ హ్యాడ్’ పక్కపక్కన చూస్తే అచ్చుతప్పులా అనిపిస్తుంది కానీ కాదు.

సిన్సా, ఫరా అన్నది ఇంకో తిరకాసు. మన ‘నుంచి’ రెండిటికీ సరిపోతుంది కాబట్టి ఇంగ్లీషులో ఏది పెట్టాలో తెలియదు. దీనికీ తెలుగే దారి చూపిస్తుంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. “మూడు రోజులుగా జ్వరం.” బాగుంది. “పదేళ్ళుగా తెలుసు.” బాగుంది. ‘గా’ కుదిరితే ‘ఫర్’. “సోమవారంగా జ్వరం” అనం. “2021గా పనిచేస్తున్నాను” అనం. “చిన్నప్పటిగా” అసలే అనం. ‘గా’ కుదరకపోతే ‘సిన్స్’. అందుకే “ఫర్ త్రీ డేస్”, “సిన్స్ మండే”, “సిన్స్ చైల్డ్‌హుడ్”. ఫోన్లో మాట్లాడుతూ కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు, ఒక్క క్షణం చాలు.

మరి డాక్టర్లు “ఫీవర్ సిన్స్ త్రీ డేస్” అని రాస్తున్నారు కదా అన్నారు. రాస్తారు, మన దేశంలో కేస్ షీట్లలో అది మామూలే. డ్యూటీ డాక్టర్‌కి ఒక్కో పేషెంట్ దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే, చదివేవాళ్ళు కూడా ఆస్పత్రి మనుషులే. అక్కడ అది వాక్యం కాదు, గుర్తు. మీ మెయిల్ బయటకి వెళ్ళేది, రికార్డులో ఉండేది, ఆస్పత్రి పేరు మీద వెళ్ళేది. అక్కడ ‘ఫర్’ పెట్టండి. ఇక ఆఫీసులో సగం మంది “ఐ యామ్ హ్యావింగ్” అంటారన్న మాటకి: భారతీయుల ఇంగ్లీషులో ఇది ఎంత స్థిరపడిందంటే, మన ఇంగ్లీషు గురించి రాసే భాషావేత్తలు ముందుగా చెప్పే లక్షణాల్లో ఇదొకటి. క్యాంటీన్‌లో ఎవరైనా అలా అంటే మీరు దిద్దక్కర్లేదు, మీరన్నా సిగ్గుపడక్కర్లేదు. మనలో మనకి అది తేడా చేయదు. మెయిల్, ఇంటర్వ్యూ, విదేశీయులతో ఫోన్, ఈ మూడుచోట్ల మాత్రం తేడా చేస్తుంది. ఇది న్యాయమా అంటే నా దగ్గర జవాబు లేదు, అలా ఉందంతే.

మూడో వాక్యం: “వుయ్ హ్యావ్ సెంట్ ద ల్యాబ్ రిపోర్ట్స్ యెస్టర్‌డే.” ‘హ్యావ్ సెంట్’ ఒప్పే, ‘యెస్టర్‌డే’ ఒప్పే, రెండూ ఒకే వాక్యంలో ఉండటమే తప్పు. ‘హ్యావ్ సెంట్’ అన్నప్పుడు ఇంగ్లీషువాడు చెప్పేది, పంపడం అయిపోయింది, ఇప్పుడు రిపోర్టు మీ దగ్గర ఉంది అని. చూపు ఇప్పటి మీదే ఉంటుంది, అందుకే దాన్ని ప్రెజెంట్ కుటుంబంలో వేశారు. “నిన్న” అనగానే చూపు వెనక్కి పోతుంది, అప్పుడు ‘హ్యావ్’కి చోటు లేదు. వాక్యంలో “ఎప్పుడు?” అన్న ప్రశ్నకి అయిపోయిన రోజో, తేదీనో జవాబుగా ఉంటే ‘హ్యావ్’ తీసేయండి: “వుయ్ సెంట్ ద ల్యాబ్ రిపోర్ట్స్ యెస్టర్‌డే.” జవాబు లేకపోతే ఉంచండి: “వుయ్ హ్యావ్ సెంట్ ద ల్యాబ్ రిపోర్ట్స్.” అమెరికా వాళ్ళు ‘హ్యావ్’ వాడాల్సిన చోట కూడా చాలాసార్లు వాడరు, “ఐ జస్ట్ సెంట్ ఇట్” అనేస్తారు. అది వాళ్ళ వాడుక, తప్పు కాదు.

అన్నీ కలిపితే మీ మెయిల్ ఇలా ఉంటుంది: “ద పేషెంట్ హ్యాజ్ హ్యాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్. వుయ్ హ్యావ్ ఆల్ ద రిపోర్ట్స్. వుయ్ సెంట్ ద ల్యాబ్ రిపోర్ట్స్ యెస్టర్‌డే. ద డాక్టర్ కమ్స్ ఎట్ టెన్ ఎవ్రీ డే.” ‘డైలీ’ని వాక్యం మొదట్లో పెట్టడం కూడా మన అలవాటే. చివర్లో ‘ఎవ్రీ డే’ అంటే సాఫీగా ఉంటుంది.

మెయిల్స్ మాట వచ్చింది కాబట్టి మీరు అడగనిది ఒకటి చెప్తాను. “మనవి చేసుకుంటున్నాం”, “ధ్రువీకరిస్తున్నాం”, “చింతిస్తున్నాం” లాంటివి తెలుగులో ‘-తున్నాం’తోనే రాస్తాం. ఇంగ్లీషులో ఇవి ‘ఇంగ్’ లేకుండా ఉంటాయి: “వుయ్ రిక్వెస్ట్”, “వుయ్ కన్ఫర్మ్”, “వుయ్ రిగ్రెట్”. మాట అనడంతోనే పని పూర్తయిపోయే సందర్భాలివి. టీవీలో ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారం చూసే ఉంటారు. తెలుగులో “ప్రమాణం చేస్తున్నాను” అంటారు. రాజ్యాంగం మూడో షెడ్యూల్లో ఇంగ్లీషు పాఠం “డూ స్వేర్ ఇన్ ద నేమ్ ఆఫ్ గాడ్” అని ఉంటుంది. ‘యామ్ స్వేరింగ్’ అని ఉండదు. “వుయ్ ఆర్ రిక్వెస్టింగ్ యూ” అంటే తప్పని కాదు కానీ, అడిగి అడిగి విసిగిపోయినట్టు వినిపిస్తుంది. క్లెయిమ్ అడిగేటప్పుడు అది మనకి మంచిది కాదు. “ఐ యామ్ రైటింగ్ టు ఇన్ఫార్మ్ యూ” మాత్రం హాయిగా వాడుకోండి, రాస్తూనే ఉన్నారు కాబట్టి.

‘కమ్స్’ చివర వచ్చిన ఆ ‘ఎస్’ గురించి ఎక్కువ చెప్పను. “హీ కమ్స్, షీ నోస్, ఇట్ కాస్ట్స్.” మనకి వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు, వస్తాం అని మనిషి మారినప్పుడల్లా క్రియ మారుతుంది. ఇంగ్లీషులో ఆ మార్పులన్నీ పోయి ఒక్క ‘ఎస్’ మిగిలింది, అదీ ఒక్కచోటే. ఇన్ని మార్చగలిగిన మనం ఆ ఒక్కదాన్ని మర్చిపోవడం విడ్డూరమే. ‘డజ్’ వచ్చిందంటే ‘ఎస్’ దానిలోకి వెళ్ళిపోయినట్టే: “డజ్ హీ నో?”, “హీ డజంట్ నో”. ‘డజ్ హీ నోస్’ కాదు. అలాగే ప్రశ్నలో “వై యూ ఆర్ రిజెక్టింగ్?” కాదు, “వై ఆర్ యూ రిజెక్టింగ్?” ఫోన్లో కోపం వచ్చినప్పుడు మొదట తారుమారయ్యేది ఇదే.

కోర్సు సంగతి. ముందు డెమో క్లాసుకి వెళ్ళి కూర్చోండి. గంటలో ఎవరు ఎక్కువసేపు మాట్లాడారో చూడండి. సారు మాట్లాడుతూ, బోర్డు మీద పన్నెండు గళ్ళ చార్టు గీస్తూ, మీరు నోట్సు రాసుకుంటూ ఉంటే డబ్బు దండగ. ఆ చార్టు మీకు ఇప్పటికే వచ్చు, అది మీ నోటికి పనికిరాలేదు. మీ చేత మాట్లాడించి, ఆపకుండా విని, తర్వాత రెండు తప్పులు మాత్రం చెప్పే మనిషి దొరికితే చేరండి, అరవై గంటలు అక్కర్లేకపోవచ్చు కూడా.

కోర్సులో చేరినా చేరకపోయినా ఇంట్లో ఒక పని చేయండి. సినిమా చూసిన మర్నాడు కథ మీ పాపకి ఇంగ్లీషులో చెప్పండి. తెలుగులో సినిమా కథ ఎలా చెప్తాం? “హీరో ఊరికి వస్తాడు, హీరోయిన్‌ని చూస్తాడు, విలన్ పొలం లాక్కుంటాడు.” అన్నీ ‘-తాడు’లే. ఇంగ్లీషు కూడా కథని అచ్చం ఇలాగే చెప్తుంది: “ద హీరో కమ్స్ టు ద విలేజ్, హీ సీస్ ద గర్ల్, ద విలన్ టేక్స్ ద ల్యాండ్.” తెలుగు తోక, ఇంగ్లీషు టెన్స్ చక్కగా కలిసే అరుదైన చోటు ఇది, పైగా ప్రతి వాక్యంలోనూ ‘ఎస్’ పలకాల్సిందే. క్రికెట్ కామెంటరీ కూడా అంతే: “హీ బౌల్స్, హీ హిట్స్.” ‘ఇంగ్’ కోసమైతే బస్సులో కిటికీ పక్క కూర్చుని కనబడినవన్నీ మనసులో అనుకోండి: “ఎ మ్యాన్ ఈజ్ సెల్లింగ్ గువాస్, టూ గర్ల్స్ ఆర్ క్రాసింగ్ ద రోడ్.” పైకి అనక్కర్లేదు, పక్కవాళ్ళు సీటు మారిపోతారు.

చివరిగా పాప హోంవర్క్. నాలుగో తరగతి పుస్తకాల్లో ఖాళీలు పూరించడానికి గుర్తు మాటలు నేర్పిస్తారు: ‘ఎవ్రీ డే’ ఉంటే సింపుల్ ప్రెజెంట్, ‘నౌ’ ఉంటే కంటిన్యువస్, ‘సిన్స్’ ఉంటే ‘హ్యాజ్ బీన్’, ‘ఆల్వేస్’ ఉంటే మళ్ళీ సింపుల్. పరీక్ష వరకూ ఇవి పనికొస్తాయి, నేర్పించండి. ఒక్క ‘ఆల్వేస్’ దగ్గర మాత్రం జాగ్రత్త. మీరు పాపని “ఎప్పుడు చూసినా పెన్సిల్ పారేసుకుంటూనే ఉంటావు” అని కసురుకుంటారనుకోండి, ఇంగ్లీషులో దానికి “యూ ఆర్ ఆల్వేస్ లూజింగ్ యువర్ పెన్సిల్” అనే అంటారు, ‘ఇంగ్’తోనే. విసుగు ఉన్నచోట ‘ఆల్వేస్’ పక్కన ‘ఇంగ్’ వస్తుంది. పాప అలా రాస్తే టీచర్ తప్పు పెట్టొచ్చు. పెడితే డైరీలో ఒక ముక్క రాసి పంపండి, ఇంగ్లీషులోనే.